ఫలితాల పట్టికలో కనబడని అమ్మాయిలు

ఏప్రిల్ ఆఖరుకు వచ్చిందంటే మన ఇళ్లలో రెండే ముచ్చట్లు. ఒకటి మామిడికాయ తొక్కు, రెండోది పదో తరగతి ఫలితాలు. ఏ జిల్లాకు మొదటి స్థానం, ఏ జిల్లాకు చివరి స్థానం, ఏ బడికి నూటికి నూరు, ఎవరి పిల్లకు ఎన్ని మార్కులు. పొద్దున పేపర్లో చదువుతాం, సాయంత్రానికి బజారులో ఫ్లెక్సీల మీద చూస్తాం. జూన్‌లో పిల్లల్ని ఏ బడిలో వెయ్యాలన్నది కూడా చాలామంది ఆ ఫ్లెక్సీ చూసే తేల్చుకుంటారు.

ఈ ర్యాంకుల లెక్క మన పాలమూరు, నల్లగొండ ప్రాంతాలకు ఎట్లా వచ్చింది, అది దేన్ని కొలుస్తుంది, దేన్ని వదిలేస్తుంది అని కొన్నాళ్లుగా చదువుతూ ఉన్నాను. తెలిసింది మీతో పంచుకుంటాను.

మన తాతల కాలంలో బడులకు ర్యాంకులు లేవు. హైస్కూలు చదువే అరుదు. నిజాం రాజ్యంలో పై చదువు ఉర్దూలో సాగేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమంలోనే నడిచింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు పరీక్ష గడప తొక్కాలంటే ముందు ఇంకో భాష నేర్చుకోవాలి. ఆడపిల్లలకైతే ఆ గడప ఇంకా ఎత్తు. మాడపాటి హనుమంతరావు గారు 1928లో హైదరాబాదు నారాయణగూడలో తెలుగులో చదువు చెప్పే ఆడపిల్లల బడి పెట్టారు. అమ్మాయిలు చదివారు సరే, తెలుగులో పరీక్ష పెట్టేదెవరు? చివరికి ఎక్కడో పూనాలో కర్వే గారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం గుర్తింపు తెచ్చుకున్నారు. ఆ అమ్మాయిలకు తెలివి లేక కాదు, తలుపు లేక ఆగిపోయే పరిస్థితి అది. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న లెక్క మొదలు కాకముందే, అసలు లెక్కలోకి ఎవరు వస్తారన్నది తేలిపోయేది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పని ఉంది.

మన ప్రాంతానికి చదువులో పెద్ద పేరు తెచ్చిన బడి అంటే సర్వేల్ గురుకులం. అప్పటి నల్లగొండ జిల్లాలో, సంస్థాన్ నారాయణపురం దగ్గర చిన్న ఊరు సర్వేల్. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లా. 1951లో వినోబా భావే భూదానోద్యమానికి పోచంపల్లిలో అంకురం పడింది కదా, ఆ గాలి ఈ చుట్టుపక్కల ఊళ్లలో బాగానే వీచింది. సర్వోదయ నాయకుడు మద్ది నారాయణరెడ్డి గారు భూమి ఇచ్చారు. పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా 1971 నవంబరులో అక్కడ రెసిడెన్షియల్ పాఠశాల మొదలైంది. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లిలో అలాంటివే వచ్చాయి.

పదో తరగతి ఫలితాల్లో రాష్ట్ర ర్యాంకులు ప్రకటించే రోజుల్లో ఈ మూడు బడుల పేర్లు తరచుగా పేపర్లో కనిపించేవి. పల్లెటూరి పేద పిల్లలు పట్నం పిల్లల్ని దాటిపోయారంటే అది చిన్న విషయం కాదు. ఆ తర్వాత పి.వి. గారు కేంద్ర విద్యా శాఖ చూసిన కాలంలో, 1986లో నవోదయ విద్యాలయాలు మొదలయ్యాయి. మన దగ్గర నల్లగొండకు చలకుర్తిలో, పాలమూరుకు వట్టెంలో వచ్చాయి.

ఇక్కడ రెండు సంగతులు చూడాలి. సర్వేల్ మగపిల్లల బడి. ప్రవేశ పరీక్ష రాసి ఎంపికైన పిల్లలకే అందులో చోటు. అక్కడి సార్ల కష్టాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. రాత్రిపూట కూడా పిల్లల వెంట ఉండి చదివించిన సార్లు వాళ్లు. అయినా ఏరి తెచ్చిన విత్తనం, తడి ఉన్న మడి, పక్కనే రైతు ఉంటే పంట బాగానే వస్తుంది. ఊరి హైస్కూలుకు ఏరుకునే హక్కు లేదు, ఎవరొస్తే వాళ్లకు చెప్పాలి. ఆ రెండు బడుల్నీ ఒకే నిచ్చెన మీద నిలబెట్టి ఎవరు పైన, ఎవరు కింద అని అడిగితే జవాబు ముందే తెలిసిపోయినట్టే. నవోదయలోనూ ఎంపిక ఉంది. కానీ అక్కడ కనీసం మూడొంతుల సీట్లు, అంటే నూటికి 75, పల్లె పిల్లలకు, మూడింట ఒక వంతు ఆడపిల్లలకు అని నియమం పెట్టారు. లోపలికి ఎవరు రావాలన్నది కూడా ఆలోచించారన్న మాట.

మెల్లగా ఈ ర్యాంకులు ప్రభుత్వం చేతిలోంచి ప్రకటనల చేతిలోకి పోయాయి. టీవీలో గుక్క తిప్పుకోకుండా ఒకటి, ఒకటి, రెండు, రెండు అని చదివే ప్రకటనలు మనందరికీ నోటికి వచ్చేవి. ఈ పోటీ తగ్గించాలని ఉమ్మడి రాష్ట్రంలో 2012 నుండి పదో తరగతికి మార్కుల బదులు గ్రేడ్లు ఇచ్చారు. పై గ్రేడులో మార్కులు ఎన్ని వచ్చినా పది పాయింట్లే. వెంటనే ఫ్లెక్సీలు కూడా మారాయి. ర్యాంకుల స్థానంలో పదికి పది జీపీఏ ఎందరికి వచ్చిందన్న లెక్క వచ్చింది. కరోనా వల్ల 2021లో పరీక్షలు జరగలేదు. బడిలో వేసిన మార్కులను బట్టే గ్రేడ్లిస్తే 2 లక్షల మందికి పైగా పిల్లలకు పదికి పది వచ్చింది. 2025లో తెలంగాణలో మళ్లీ మార్కులు మెమో మీదికి వచ్చాయి. కొలబద్ద ఎన్నిసార్లు మార్చినా, పక్కవాళ్లతో పోల్చుకునే అలవాటు మాత్రం మనల్ని వదల్లేదు.

జిల్లాల ర్యాంకుల సంగతి కూడా చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రం మొత్తంలో అక్షరాస్యత అతి తక్కువ ఉన్న జిల్లా మన మహబూబ్‌నగర్, 55 శాతం. ఆడవాళ్లలోనైతే 45 శాతం కూడా లేదు. 2016లో ఆ జిల్లా ముక్కలై నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వచ్చాయి, తర్వాత 2019లో నారాయణపేట. కొడంగల్ వైపు మండలాలు వికారాబాద్‌లో కలిశాయి. పదో తరగతి ఫలితాల్లో 2024లో వికారాబాద్‌ది ఆఖరి స్థానం, ఉత్తీర్ణత 65.10 శాతం. 2025లో అది 73.97కు చేరింది. ఒక్క ఏడాదిలో దాదాపు తొమ్మిది శాతం పైకి వచ్చింది. ర్యాంకు? మళ్లీ ఆఖరే. కొడంగల్ తండాల్లో పొద్దుగూకే దాకా పిల్లల్ని కూర్చోబెట్టి చదివించిన టీచరమ్మకు పేపర్లో దొరికింది "చివరి స్థానం" అన్న మాట ఒక్కటే. అదే ఏడాది రాష్ట్రంలో 4,600కు పైగా బడులు నూటికి నూరు తెచ్చుకున్నాయి. అన్ని బడులు మొదటి వరుసలో ఉంటే, మనం ఎంచుకోవడానికి ఆ నూరు అంకె ఏం పనికొస్తుంది?

ఆ నూరు ఎట్లా వస్తుందో మా ఇంట్లోనే చూశాం. మా ఆడబిడ్డ కూతురు పట్నంలో ఒక ప్రైవేటు బడిలో చదివేది. తొమ్మిదో తరగతి ఏడాది పరీక్షలయ్యాక తల్లిదండ్రుల్ని పిలిపించారు. "అమ్మాయి లెక్కల్లో వెనుక ఉంది. తొమ్మిది మళ్లీ చదివించండి, లేదంటే టీసీ తీసుకోండి" అన్నారు. మా ఆడబిడ్డ ఆ రాత్రి ఫోన్ చేసి, "వదినా, ఆరేండ్ల సంది ఫీజు కట్టించుకున్నోళ్లు ఇప్పుడు మీ పిల్ల వద్దంటున్నరు" అని ఏడ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఇంకో మాట ఎత్తారు. చదువు అబ్బకుంటే సంబంధాలు చూద్దాం అని. పిల్లకు పద్నాలుగేళ్లు.

చివరికి వాళ్ల ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో వేశారు. లెక్కల సారు తరగతి అయ్యాక అరగంట ఆపి, ఆరో తరగతి లెక్కల నుండి మళ్లీ మొదలుపెట్టించారు. 2025లో పిల్ల పాసైంది, లెక్కల్లో 47. "అత్తమ్మా, నేను ఇంటర్ చదువుతున్న" అని ఫోన్‌లో చెప్పినప్పుడు ఆ గొంతు వినాల్సింది. పాత బడి ఆ ఏడాది నూటికి నూరు అని ఫ్లెక్సీ కట్టింది. అందులో అబద్ధం లేదు. మా పిల్ల ఆ లెక్కలో లేదు, అంతే. ఊరి బడిలో ఇద్దరు తప్పారు కాబట్టి దానికి నూరు రాలేదు, పెద్దసారు మీటింగులో మాట పడ్డారట. ఏ బడి ఎక్కువ పని చేసిందో మీరే చెప్పండి.

2010లో అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా పిల్లల్ని తప్పించొద్దని చెప్పింది. అందుకే జల్లెడ తొమ్మిదిలో పడుతుంది. ఆ జల్లెడలోంచి కింద పడ్డ పిల్లవాడు ఇంకో బడి చూసుకోవచ్చు. ఆడపిల్లకైతే చాలా ఇళ్లలో తర్వాతి మెట్టు బడి కాదు, పెళ్లి.

పనిలోకి పంపడం కూడా ఉంది. గద్వాల ప్రాంతం సీడ్ పత్తికి పేరు. హైబ్రిడ్ విత్తనం కోసం ప్రతి పువ్వుకూ చేత్తో క్రాసింగ్ చెయ్యాలి. చిన్న చేతులు, తక్కువ కూలి అని ఏళ్ల తరబడి ఆడపిల్లల్ని ఆ చేలకు పంపారు. ఆ పని బడి నడిచే నెలల్లోనే ముమ్మరం. ఇక పాలమూరు వలసల గురించి చెప్పేదేముంది, అమ్మానాన్నలు బొంబాయి, పూనా పోతే చిన్నపిల్లల్ని చూసుకునేది పెద్దకూతురే. వీళ్లెవరూ పదో తరగతి పరీక్ష హాలు దాకా రారు. రాని పిల్ల ఫెయిల్ కాదు, కాబట్టి ఏ బడి ర్యాంకూ తగ్గదు. తెలుగులో పరీక్ష లేని కాలంలో అమ్మాయిలు ఎట్లా లెక్కలోకి రాలేదో, ఇదీ అట్లాంటిదే.

దీన్ని తిరగేసి లెక్కపెట్టినవాళ్లూ మన దగ్గరే ఉన్నారు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుండి రంగారెడ్డి జిల్లాలో, తర్వాత నల్లగొండ వైపు కూడా, పనిలో ఉన్న పిల్లల్ని శిబిరాల్లో చదివించి బడిలో చేర్పించింది. వాళ్లకు గొప్ప ఊరంటే ర్యాంకు తెచ్చిన ఊరు కాదు, ఒక్క పిల్ల కూడా బడి బయట లేని ఊరు. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారం వచ్చింది.

మరి ర్యాంకులన్నీ ఎత్తేస్తే సరిపోతుందా? అదీ అంత సులువు కాదు. ఇంగ్లండ్‌లో 1992 నుండి హైస్కూళ్ల ఫలితాల పట్టికలు అచ్చు వేస్తున్నారు. పక్కనున్న వేల్స్ 2001లో వాటిని మానేసింది. బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు తర్వాత పోల్చి చూస్తే వేల్స్‌లో ఫలితాలు వెనుకబడ్డాయి, అదీ ఎక్కువగా పేద పిల్లలు చదివే బడుల్లో. అడిగేవాళ్లు లేకపోతే పేద పిల్లల బడే ముందు దెబ్బతింటుందన్న మాట. అందుకే లెక్క ఉండాలి. ఏం లెక్కపెడుతున్నామన్నదే ప్రశ్న. ఇంగ్లండ్ 2016 నుండి ఇంకో కొలత వాడింది. పిల్ల ప్రైమరీ బడి అయిపోయేనాటికి ఎక్కడుంది, హైస్కూలు అయ్యేసరికి ఎక్కడికి చేరింది అని చూసి, ఆ నడిచిన దూరాన్ని బట్టి బడిని అంచనా వేసింది. ఆ లెక్కన చూస్తే మా పిల్లను ఆరో తరగతి లెక్కల నుండి మళ్లీ నడిపించిన ఊరి బడికి మంచి పేరే వచ్చేది.

మన దగ్గర అలాంటి పట్టిక లేదు. కానీ జూన్‌లో బడి చూడబోయినప్పుడు మనం అడగొచ్చు. ఎనిమిదో తరగతిలో ఎంతమంది ఉండేవారు? వాళ్లలో పది పరీక్ష ఎంతమంది రాశారు? వెళ్లిపోయిన పిల్లల్లో అమ్మాయిలెందరు, ఎక్కడికి వెళ్లారు? వెనుకబడ్డ పిల్లకు ఏం చేస్తారు? సర్కారు బడిలోనైనా, ఫీజు కట్టే బడిలోనైనా ఇవి అడగడానికి మొహమాటం అక్కర్లేదు. తల్లుల మీటింగుకు పోయినప్పుడు ఒక్కరం అడిగితే వింతగా చూస్తారు, పదిమందిమి అడిగితే రిజిస్టర్ తీస్తారు.

2025లో రాష్ట్రంలో అమ్మాయిల ఉత్తీర్ణత 94.26 శాతం, అబ్బాయిలది 91.32. పరీక్ష హాలు దాకా రానిస్తే మన పిల్లలు ఏం చెయ్యగలరో ఆ అంకెలే చెబుతున్నాయి. ఈ జూన్‌లో మీ వాడకట్టులో తొమ్మిది చదివి ఇంట్లో కూర్చున్న పిల్ల ఎవరైనా ఉందేమో చూడండి. ఉంటే, సంబంధాల మాట రాకముందే వాళ్లమ్మతో ఒకసారి మాట్లాడండి.