ఎసటి నీటి చరిత్ర

దర్శి, పొదిలి, కనిగిరి సీమల పాతకాలపు వంట జొన్నన్నం, కందిపప్పు, గోంగూర, మజ్జిగ. లోపం ఆ వంటలో లేదు, ఎసటి నీటిలో ఉంది. షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్‌ను వైద్యలోకానికి వివరించారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు ఈ తాలూకాలు ఆ జిల్లాలోనివే. గారపట్టిన పళ్ళు, వంగని వెన్ను దాని గుర్తులు.

నీటిని కాచిన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొద్దీ చిక్కబడుతుంది. శుద్ధజలపు డబ్బాను తాగుటకే దాచి, బోరునీటితో పప్పు వండే ఇళ్ళు నేటికీ ఉన్నాయి. ఏమి పొదుపో! అన్నానికీ, పప్పుకూ, పులుసుకూ ఆ శుద్ధజలమే పోయండి. పిల్లల కంచంలో రాగిసంకటి, మునగాకు పప్పు, పెరుగు ఉంచండి. వాటిలోని కాల్షియం ఫ్లోరైడును కొంతవరకు పేగులోనే పట్టి ఆపుతుంది.