1994 జెనీవా కాశ్మీరు తీర్మానం

1994 జెనీవా కాశ్మీరు తీర్మానం అనేది అప్పటి జమ్మూ కాశ్మీరు రాష్ట్రంలో భారత భద్రతా దళాలు మానవ హక్కులను ఉల్లంఘిస్తున్నాయని ఆరోపిస్తూ, ఐక్య రాజ్య సమితి మానవ హక్కుల కమిషనులో పాకిస్తాన్ ప్రతిపాదించిన ముసాయిదా తీర్మానం. స్విట్జర్లాండులోని జెనీవా నగరంలో జరిగిన కమిషను 50వ సమావేశాలలో ఇది ముందుకు వచ్చింది. దీనిపై ఓటింగు జరగలేదు. 1994 మార్చి 9న పాకిస్తాన్ దీనిని ఉపసంహరించుకుంది. అప్పటి భారత ప్రధానమంత్రి పి.వి.నరసింహారావు దౌత్య విజయాలలో ఒకటిగా దీనిని పేర్కొంటారు.

నేపథ్యం

1989 నుండి కాశ్మీరు లోయలో సాయుధ తిరుగుబాటు తీవ్రమైంది. పాకిస్తాన్ తీవ్రవాదులకు శిక్షణ, ఆయుధాలు ఇస్తున్నదని భారతదేశం ఆరోపించింది. భద్రతా దళాలు చిత్రహింసలకు, అక్రమ నిర్బంధాలకు పాల్పడుతున్నాయని పాకిస్తాన్‌తో పాటు అంతర్జాతీయ మానవ హక్కుల సంస్థలు కూడా విమర్శించాయి. లోయలోని కాశ్మీరీ పండిట్లలో అత్యధికులు 1990 నుండి ఇళ్ళు విడిచి వలస వెళ్ళవలసి వచ్చింది.

1993 అక్టోబరులో శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ దర్గాను సైన్యం ముట్టడించింది. అదే నెల 22న బిజ్‌బెహరాలో నిరసనకారులపై జరిగిన కాల్పులలో పలువురు మరణించారు. ఈ సంఘటనలతో కాశ్మీరు సమస్య అంతర్జాతీయ వేదికలపై మళ్ళీ ప్రముఖంగా చర్చకు వచ్చింది.

కమిషను పనితీరు

అప్పటి కమిషనులో 53 సభ్యదేశాలు ఉండేవి. అనుకూలంగా, వ్యతిరేకంగా పోలైన ఓట్లలో ఏవి ఎక్కువైతే ఆ ప్రకారం తీర్మానం భవితవ్యం తేలేది. తటస్థంగా ఉన్న దేశాలను లెక్కలోకి తీసుకునేవారు కాదు. అందువలన దౌత్యవేత్తలు మద్దతు కోరడంతో సరిపెట్టుకోక, మద్దతు ఇవ్వలేని దేశాలను కనీసం తటస్థంగా ఉండమని అభ్యర్థించేవారు. జెనీవాలోని ప్రతినిధులు తమ ప్రభుత్వాల ఆదేశాల మేరకే ఓటు వేస్తారు కనుక, అసలు ప్రయత్నాలు ఆయా దేశాల రాజధానులలోనే జరిగేవి.

కమిషను తీర్మానాలకు చట్టబద్ధమైన నిర్బంధం లేదు. అయినా తీర్మానం నెగ్గితే ఆ దేశం ప్రతిష్ఠ దెబ్బతింటుంది, సమితి పరిశీలనకు మార్గం ఏర్పడుతుంది. కాశ్మీరుకు నిజ నిర్ధారణ బృందాన్ని పంపాలన్నది పాకిస్తాన్ కోరిక. అది నెరవేరితే కాశ్మీరు తిరిగి అంతర్జాతీయ వివాదంగా మారుతుందని, ద్వైపాక్షిక చర్చలకు అంగీకరించిన 1972 సిమ్లా ఒప్పందం నీరుగారిపోతుందని భారతదేశం భావించింది.

భారత ప్రతినిధి బృందం

నరసింహారావు జెనీవాకు పంపిన బృందానికి లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడైన అటల్ బిహారీ వాజపేయి నాయకత్వం వహించాడు. విదేశీ వ్యవహారాల సహాయమంత్రి సల్మాన్ ఖుర్షీద్, జమ్మూ కాశ్మీరు మాజీ ముఖ్యమంత్రి ఫరూఖ్ అబ్దుల్లా కూడా ఇందులో ఉన్నారు. కాశ్మీరు విషయంలో అధికార, ప్రతిపక్షాలది ఒకే మాట అని ప్రపంచానికి చూపడం ఈ ఎంపిక ఉద్దేశం. 1994 ఫిబ్రవరి 22న భారత పార్లమెంటు ఉభయ సభలు జమ్మూ కాశ్మీరు భారతదేశంలో అంతర్భాగమని ఏకగ్రీవంగా తీర్మానించాయి. మరోవైపు పాకిస్తాన్ ప్రధాని బెనజీర్ భుట్టో స్వయంగా జెనీవా వెళ్ళి ప్రసంగించింది.

ఇరాన్, చైనాల పాత్ర

ఇస్లామిక్ దేశాల సంస్థ సభ్యుల ఉమ్మడి మద్దతుపై పాకిస్తాన్ ఆశలు పెట్టుకుంది. వీటిలో ఇరాన్ వైఖరి కీలకమైంది. నరసింహారావు 1993 సెప్టెంబరులో చైనాను, ఇరాన్‌ను సందర్శించాడు. చైనా పర్యటనలో వాస్తవాధీన రేఖ వద్ద శాంతి నెలకొల్పే ఒప్పందం కుదిరింది. 1979 విప్లవం తరువాత ఇరాన్‌ను సందర్శించిన మొదటి భారత ప్రధాని ఆయనే. ఓటింగు సమీపించినపుడు, అనారోగ్యంతో చికిత్స పొందుతున్న విదేశాంగ మంత్రి దినేశ్ సింగ్ ప్రధాని లేఖతో టెహరాన్ వెళ్ళి అధ్యక్షుడు రఫ్సంజానీని కలిశాడు.

టియానన్మెన్ సంఘటన తరువాత చైనా కూడా ఇదే కమిషనులో విమర్శా తీర్మానాలను ఎదుర్కొంటున్నది. ఏదో ఒక దేశాన్ని వేలెత్తి చూపే తీర్మానాలను అది సూత్రరీత్యా వ్యతిరేకించేది. చివరకు ఇరాన్, చైనాల సలహా మేరకు పాకిస్తాన్ ముసాయిదాను ఉపసంహరించుకుంది.

అనంతర పరిణామాలు

ఇస్లామిక్ దేశాల సంస్థ 1994 సెప్టెంబరులో కాశ్మీరుపై ఒక సంప్రదింపుల బృందాన్ని ఏర్పాటు చేసింది. 1995 జూన్‌లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ కాశ్మీరు నిర్బంధితులను కలిసేందుకు భారత ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. వాజపేయి 1996లో తొలిసారి ప్రధానమంత్రి అయ్యాడు. విశ్వసనీయత కోల్పోయిందన్న విమర్శల నడుమ 2006లో కమిషను రద్దై, 47 సభ్యదేశాలతో మానవ హక్కుల మండలి ఏర్పడింది.

అంచనా

పార్టీలకు అతీతమైన విదేశాంగ విధానానికి ఉదాహరణగా ఈ సంఘటనను తరచు ప్రస్తావిస్తారు. అయితే ఓటింగు జరగనందున కమిషను ఆరోపణలను ధ్రువీకరించలేదు, తోసిపుచ్చనూ లేదు. దేశాలు తమ నిర్ణయాలను ప్రధానంగా పరస్పర సంబంధాలను బట్టి తీసుకున్నాయి. బాధితుల ఫిర్యాదుల విచారణ దేశంలోని సంస్థలకే మిగిలింది. 1993 అక్టోబరులో ఏర్పడిన జాతీయ మానవ హక్కుల కమిషనుకు సైనిక దళాలపై వచ్చిన ఫిర్యాదులను నేరుగా దర్యాప్తు చేసే అధికారం లేదు. అది కేంద్ర ప్రభుత్వం నుండి నివేదిక కోరి, సిఫారసులు మాత్రమే చేయగలదు.

కాశ్మీరులో మానవ హక్కులపై సమితి మానవ హక్కుల హైకమిషనరు కార్యాలయం తన మొదటి నివేదికను 2018 జూన్‌లో, అంటే ఈ ఉపసంహరణ జరిగిన 24 సంవత్సరాల తరువాత వెలువరించింది. అందులో నియంత్రణ రేఖకు ఇరువైపులా ఉన్న పరిస్థితులను విమర్శించింది. భారతదేశం ఆ నివేదికను తిరస్కరించింది.

ఇవి కూడా చూడండి

పి.వి.నరసింహారావు
అటల్ బిహారీ వాజపేయి
సిమ్లా ఒప్పందం
జాతీయ మానవ హక్కుల కమిషను