దూలానికున్న కొక్కేలు

తిరుపతిలో మేము కట్టుకొంటున్న ఇంటికి ఇంకా శ్లాబు పోయలేదు. ద్వారబంధాల కొలతలకని వచ్చిన వడ్రంగి, నాలుగేళ్ల మా అమ్మాయి గది కోసం ఒక బొమ్మల పుస్తకం చూపించాడు. కారు ఆకారపు మంచం, గోడకు బిగించిన చిట్టి అలమర. ముచ్చటగానే ఉన్నాయి. "ఐదేండ్ల తర్వాత దీన్నేం జేసేది?" అని అడిగితే, "పెరికేసి ఇంగోటి జేసిస్తా సార్" అన్నాడు.

ఆ మాటకు మా పాత ఇల్లు జ్ఞాపకం వచ్చింది. పూతలపట్టు దగ్గరి పల్లెలో మట్టిమిద్దె అది. నడిమింటి దూలానికి రెండు ఇనుప కొక్కేలుండేవి. మా నాన్న, మేనత్తలు, నేను అందరమూ వాటికి కట్టిన ఉయ్యాలలో పెరిగినవాళ్లమే. మొదట అమ్మ పాతచీర, తర్వాత కొయ్యతొట్టి, నడక వచ్చాక ఊగడానికి బల్ల. ఇంట్లో పసిబిడ్డ లేని కాలంలో అవే కొక్కేలకు ఎలుకలకందకుండా విత్తనాల మూటలు వేలాడేవి.

బిడ్డ పెరిగేకొద్దీ గది మారేది కాదు, బిడ్డే ఇంట్లో చోటు మారేది. ఉయ్యాల నుంచి అమ్మ చాపకు, తమ్ముడో చెల్లెలో పుట్టగానే అవ్వ పక్కకు, వేసవిలో మిద్దెమీదకు, మీసాలు వచ్చే వయసుకు మగపిల్లలు వీధి అరుగు మీదకు. తెల్లవారితే చాప చుట్టి మూలన నిలబెడితే, పడకటిల్లు మళ్లీ నడిమిల్లయ్యేది.

ఆ ఇళ్లలో గదులకు పేర్లు పనిని బట్టి వచ్చాయి గాని మనుషులను బట్టి కాదు. పని మారితే గదీ మారేది. 1895 మే నెలలో మదనపల్లెలో జిడ్డు కృష్ణమూర్తి జన్మించింది పూజగదిలో. తల్లి సంజీవమ్మ పట్టుబట్టి ఆ గదినే పురిటిగదిగా ఎంచుకొన్నదని ఆయన జీవితచరిత్ర రాసిన మేరీ లుట్యెన్స్ చెప్పారు. మదనపల్లె అప్పటికి కడప జిల్లాలో ఉంది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. ఆచారం గట్టిగా ఉన్న ఆ కాలపు బ్రాహ్మణ కుటుంబంలో పురుడు పూజగదిలో జరగడం చిన్న సంగతి కాదు.

తిరుమలలో రాత్రి చివరి సేవ ఏకాంతసేవ. గొలుసులతో వేలాడే బంగారు మంచంపై భోగశ్రీనివాసమూర్తిని పవళింపజేస్తారు. తాళ్లపాకవారి లాలి, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి అప్పుడే. ధనుర్మాసంలో ఆ సేవ శ్రీకృష్ణమూర్తికి జరుగుతుంది. అక్కడా మంచం ఒకటే, పవళించేవారు మారుతారు.

పిల్లల కొలతకు సామాను చేయాలన్న ఆలోచనకు వేరే చరిత్ర ఉంది. 1907లో రోమ్ నగరంలో మరియా మాంటిస్సోరి తన బాలల గృహం తెరిచి, పసివాళ్లు తామే ఎత్తి జరుపుకోగల తేలికైన బల్లలూ కుర్చీలూ చేయించింది. 1939లో ఆమె మద్రాసు చేరి, 1909 నుంచి కృష్ణమూర్తి పెరిగిన ఆ అడయారులోనే ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆమె చెప్పినదాంట్లో ముఖ్యమైనది సామాను చిన్నదిగా ఉండటం కాదని, బిడ్డ దానిని కదపగలగడమని నేననుకొంటాను. గోడకు బిగించిన కారు మంచాన్ని ఏ బిడ్డ కదపగలదు?

ఇదంతా ఉత్సాహంగా మా పెద్దమేనత్తకు చెప్పాను. ఆమె విని, కాసేపాగి, "మీకు ఉయ్యాల గురుతుండాది. నాకు ఆ ఇంట్లో తలుపు లేకపోవడం గురుతుండాది" అన్నది. ఎనిమిదో తరగతితో ఆమె చదువు ఆగింది. నడిమింట్లో పుస్తకం తెరిస్తే ఎవరో ఒకరు పని చెప్పేవారట. పెద్దమనిషయ్యాక నెలకు మూడు రోజులు పశువుల కొట్టం పక్క వసారాలో పడుకొనేదట. తనదంటూ ఉన్నది ఒక ట్రంకుపెట్టె. "ఆ మూడు దినాలే ఎవరూ పిలవరు. ఆడనే పుస్తకాలు సదివినా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను మెచ్చుకొంటున్న చాప చుట్టే ఇల్లు, ఆమెకు ఎక్కడా నిలవనీయని ఇల్లు.

అందుచేత మా అమ్మాయి గదిలో మొదట నిర్ణయమైనది లోపలి గడియ ఉన్న తలుపు. తర్వాత కిటికీ పక్కన ఒక తేలికైన బల్ల, పెద్దయినా సరిపోయే నిండు పొడవు మంచం. గోడలకు వట్టి సున్నం. వాటి మీద ఏముండాలో ఆమె నిర్ణయించుకొంటుంది. శ్లాబు కంబికి రెండు గట్టి కొక్కేలు కట్టమని మేస్త్రీకి చెప్పాను. "ఫ్యానుకు ఒకటి సాలు గదా సార్, రెండెందుకు?" అన్నాడు. ఇప్పటికి ఉయ్యాలబల్లకని చెప్పాను. ఆ తర్వాత వాటికి ఏం వేలాడదీయాలో చెప్పవలసినది నేను కాదు.

పాత ఇల్లు పడగొట్టినప్పుడు దూలం ఎవరో కొనుక్కుపోయారు. ఆ కొక్కేలు దానితోనే వెళ్లిపోయాయి. అడిగి తీసుకోవాలని అప్పుడు తోచలేదు.

మిత్రులారా, మీ పాత ఇళ్లలో ఉయ్యాల ఎక్కడ కట్టేవారు? మీ అమ్మలూ అత్తలూ ఎక్కడ కూర్చుని చదువుకొన్నారు? మొదటి ప్రశ్నకు జవాబు మనకు తెలిసే ఉంటుంది. రెండోది వారినే అడగాలి.