బందు కాదు, మోకాలు

పోయిన ఛుట్టీలో నా కుడి మోకాలి ఎక్స్‌రే చూసి ఒక డాక్టర్ "కీలు మార్చేద్దాం" అన్నాడు. ఇంకో డాక్టర్ "నీకు 46 ఏళ్ళే కదా, ఎముక కోసి కాలు సరిచేద్దాం" అన్నాడు. సూపర్‌వైజర్ కాకముందు ఏళ్ళ తరబడి టైల్స్ పనిలో మోకాళ్ళ మీదే ఉన్నాను. లోపలివైపు గుజ్జు అరిగిపోయింది. ఈ రెండు ఆపరేషన్లూ ఎక్కణ్ణుంచి వచ్చాయా అని చదువుతూ పోతే ఈ ఎపిసోడ్ అయింది. వినే టైం లేని అన్నదమ్ముల కోసం ఇక్కడ రాస్తున్నా.

1890లో బెర్లిన్‌లో గ్లుక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో మోకాలి కీలు చేసి పెట్టాడు. ఇన్ఫెక్షన్ల వల్ల నిలవలేదు. 1950ల్లో వాడిన లోహపు కీళ్ళలో కొన్ని అచ్చం తలుపు బందుల్లాంటివి. ఐటీఐలో ఫిట్టర్ చదివినవాణ్ని కాబట్టి వాటి తప్పు నాకు వెంటనే అర్థమైంది. మోకాలు ఊరికే మడవదు. మడిచేటప్పుడు తొడ ఎముక కింది ఎముక మీద దొర్లుతుంది, జారుతుంది, కొంచెం మెలి కూడా తిరుగుతుంది. బందుకి మెలి తిరిగే దారి లేదు. ఆ బలమంతా ఎముకలోకి దించిన కడ్డీ మీద పడి, స్క్రూ లూజైన తలుపులా ఊగేది.

దారి చూపింది తుంటి ఆపరేషన్. ఇంగ్లండ్‌లో రైటింగ్టన్ ఆస్పత్రిలో జాన్ చార్న్‌లీ తుంటికి మొదట టెఫ్లాన్ గిన్నె పెట్టాడు, అది తొందరగా అరిగిపోయింది. 1962లో పాలిథీన్‌కి మారాడు. పళ్ళ డాక్టర్లు వాడే యాక్రిలిక్‌ని సిమెంటుగా వాడాడు. టైల్స్ వేసేవాళ్ళకి చెప్పాలంటే అది జిగురు కాదు, గ్రౌట్. సందు నింపి పట్టు ఇస్తుంది. అదే ఆస్పత్రికి కెనడా నుంచి వచ్చిన ఫ్రాంక్ గన్‌స్టన్ 1968లో మోకాలికి బందే తీసేశాడు. పైన స్టీలు అరచక్రాలు, కింద ప్లాస్టిక్ పట్టాలు, రెంటినీ కలిపే ఇరుసు లేదు. పట్టి ఉంచేవి మనిషి సొంత లిగమెంట్లే! నా లెక్కలో అసలు మలుపు ఇదే.

1974లో న్యూయార్క్‌లో ఇన్సాల్, రణావత్, వాకర్ కలిసి తెచ్చిన మోడల్ ఇప్పటి ఆపరేషన్లకి పునాది. రణావత్ మన దేశంలో పుట్టినవాడే. 2000లో ముంబైలో వాజ్‌పేయి మోకాలికి ఆపరేషన్ చేసింది ఆయనే.

ఎముక కోసే పద్ధతికి పేరు తెచ్చిన వాళ్ళలో మేయో క్లినిక్ డాక్టర్ మార్క్ కోవెంట్రీ ఒకరు, 1965లో దాని గురించి రాశాడు. మోకాలి కింద ఎముకలోంచి పుచ్చకాయ ముక్కలా ఒక ముక్క తీసి, దొడ్డికాలు వంపు సరిచేస్తారు. గోడకి గుండు పట్టినట్టు తుంటి నుంచి చీలమండ దాకా గీత గీసి చూస్తారు. బరువు అరిగిన వైపు నుంచి మంచి వైపుకి జరుగుతుంది. కీలు మనదే ఉంటుంది. కానీ అరుగుడు పూర్తిగా ఆగదు, తర్వాత మార్పిడి కావాల్సి రావచ్చు.

చిన్న బెజ్జాలు పెట్టి కడిగేసే ఆపరేషన్ చవగ్గా అయిపోతుందని క్యాంపులో ఒకాయన అన్నాడు. 2002లో హ్యూస్టన్ డాక్టర్లు 180 మంది మీద చూశారు. కొందరికి చర్మం మీద కోతలు మాత్రమే పెట్టి కుట్టేశారు. కడిగినవాళ్ళకి వీళ్ళకంటే నొప్పి ఏమీ ఎక్కువ తగ్గలేదు. అరుగుడుకి అది వద్దనుకున్నా.

నేను ఎముక కోయించుకోవడానికే ఒప్పుకున్నా. కానీ అతకడానికి నెలలు పడుతుంది, నా ఛుట్టీ 45 రోజులు. మూడు నెలలు కావాలని ఆఫీసులో కాగితం ఇచ్చాను. జవాబు ఇంకా రాలేదు.