'పాస్ అవుట్' అంటే డిగ్రీయా, స్పృహ తప్పడమా? ఇంగ్లీషు ఫ్రేజల్ వెర్బ్స్ ఎక్కడ ఎలా వాడాలి

రెజ్యూమెలో 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2019' అని రాయడం మన కాలేజీల్లో మామూలే. మన దేశంలో దాని అర్థం ఆ ఏడాది చదువు పూర్తయిందని. అదే వాక్యం లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉన్న మేనేజర్ చదివితే, ఈ అబ్బాయి 2019లో స్పృహ తప్పి పడిపోయాడట అనుకుంటాడు. బ్రిటన్‌లో సైనిక శిక్షణ ముగించినవారికి ఆ మాట వాడతారు గానీ, డిగ్రీకి మాత్రం 'గ్రాడ్యుయేటెడ్' అనే అంటారు.

ఇలా ఒక క్రియ, దాని పక్కన ఒకటో రెండో చిన్న మాటలు కలిసి కొత్త అర్థం ఇస్తే దాన్ని ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బ్ అంటారు. విదేశీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవారు, ఐఈఎల్‌టీఎస్ రాసేవారు, బ్యాంకు కాగితాలు చదవాల్సినవారు ఉన్న ప్రతి ఇంట్లో వీటితో పని పడుతుంది.

అర్థం ఎలా మారుతుంది?

'గివ్' అంటే ఇవ్వడం. 'గివ్ అప్' అంటే మానేయడం. 'గివ్ ఇన్' అంటే లొంగిపోవడం. 'లుక్' అంటే చూడటం. 'లుక్ ఆఫ్టర్' బాగోగులు చూసుకోవడం, 'లుక్ ఫర్' వెతకడం, 'లుక్ ఇంటు' విచారించడం, 'లుక్ డౌన్ ఆన్' చిన్నచూపు చూడటం. రెండు మాటలూ విడిగా తెలిసినా, కలిసినప్పుడు వచ్చే అర్థం చాలాసార్లు ఊహకు అందదు.

ఈ ఇబ్బంది ఈనాటిది కాదు. 1755లో ఇంగ్లీషు నిఘంటువు తెచ్చిన శామ్యూల్ జాన్సన్, విదేశీయులకు ఇవి చాలా కష్టమని దాని ముందుమాటలోనే రాశాడు. 'ఫ్రేజల్ వెర్బ్' అనే పేరు మాత్రం 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ పుస్తకంతో వాడుకలోకి వచ్చింది. ఆ పేరు తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుడు హెన్రీ బ్రాడ్లీ అని స్మిత్ చెప్పాడు.

తెలుగు, ఉర్దూ వచ్చినవారికి ఒక సౌకర్యం

'తిను', 'తినేయ్' ఒకటి కాదని తెలుగు పిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఉర్దూలో 'ఖావో', 'ఖా లో' మధ్య తేడా కూడా అంతే. మన భాషల్లో ఒక క్రియకు ఇంకో క్రియ తోడై అర్థాన్ని ముగింపుకు తెస్తుంది. ఇంగ్లీషులో ఆ పని చాలాచోట్ల 'అప్' చేస్తుంది. 'ఈట్ అప్' అంటే మిగల్చకుండా తినేయ్. 'డ్రింక్ అప్' అంటే తాగేయ్. 'యూజ్ అప్' అంటే వాడేయడం. అన్నింటికీ ఈ సూత్రం పనిచేయదు గానీ, పిల్లలకు మొదటి మెట్టుగా బాగా ఉపయోగపడుతుంది.

మన భాషల వల్ల వచ్చే పొరపాటు కూడా ఒకటుంది. ఇంట్లో 'ఫ్యాన్ ఆఫ్ చెయ్' అంటాం కాబట్టి పిల్లలు ఇంగ్లీషులో 'ఆఫ్ ద ఫ్యాన్' అనేస్తారు. అక్కడ 'ఆఫ్' ఒక్కటే క్రియగా నిలబడదు. 'టర్న్ ఆఫ్' లేదా 'స్విచ్ ఆఫ్' అనాలి.

మాటల వరుస కూడా ముఖ్యమే. 'టర్న్ ఆఫ్ ద ఫ్యాన్', 'టర్న్ ద ఫ్యాన్ ఆఫ్' రెండూ సరైనవే. ఫ్యాన్ బదులు 'ఇట్' వస్తే మాత్రం 'టర్న్ ఇట్ ఆఫ్' ఒక్కటే ఒప్పు. 'లుక్ ఆఫ్టర్' లాంటివి అసలు విడిపోవు. 'లుక్ ఆఫ్టర్ హర్' అనే అనాలి.

మాటల్లో ఒకటి, లేఖలో ఇంకొకటి

1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక పాలకుల భాష ఫ్రెంచి అయింది. చదువు, మతం, న్యాయ వ్యవహారాల్లో లాటిన్ కూడా నడిచింది. అందుకే ఇంగ్లీషులో చాలా పనులకు రెండేసి మాటలున్నాయి. ఇంటి మాట ఫ్రేజల్ వెర్బ్ అయితే, ఆఫీసు మాట తరచుగా లాటిన్, ఫ్రెంచి మూలాల నుంచి వచ్చిన ఒంటి పదం.

వాయిదా వేయడం స్నేహితుల మధ్య 'పుట్ ఆఫ్', లేఖలో 'పోస్ట్‌పోన్'. విచారణకు 'లుక్ ఇంటు' బదులు 'ఇన్వెస్టిగేట్'. కాదనడానికి 'టర్న్ డౌన్' బదులు 'రిజెక్ట్' లేదా 'డిక్లైన్'. పెరగడానికి 'గో అప్' బదులు 'ఇన్‌క్రీజ్'. భరించడానికి 'పుట్ అప్ విత్' బదులు 'టాలరేట్'. స్థాపించడానికి 'సెట్ అప్' బదులు 'ఎస్టాబ్లిష్'.

అలాగని అధికారిక రాతలో ఫ్రేజల్ వెర్బ్స్ పూర్తిగా నిషేధం అనుకోకూడదు. 'క్యారీ అవుట్' పరిశోధన నివేదికల్లో కూడా కనిపిస్తుంది. వ్యాపార లేఖలు 'ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ' అని ముగుస్తాయి. ఇక్కడ 'టు హియర్' అని రాస్తే తప్పు. ఇక ఉదయం నిద్రలేవడాన్ని 'గెట్ అప్' అనకుండా 'అరైజ్' అంటే వినేవారికి నవ్వొస్తుంది. ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ పరీక్షలో లేఖ స్నేహితుడికైనా రావచ్చు, అధికారికైనా రావచ్చు. ఎవరికి రాస్తున్నామో చూసుకుని మాట ఎంచుకోవాలి.

డబ్బు, ఉద్యోగం దగ్గర మరింత జాగ్రత్త

బ్యాంకు రుణాన్ని 'రైట్ ఆఫ్' చేసిందని వార్త వస్తే అప్పు మాఫీ అయిందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. బ్యాంకు తన లెక్కల్లో ఆ రుణాన్ని ఆస్తిగా చూపడం మానేసిందని మాత్రమే దానర్థం. అప్పు తీసుకున్నవారి బాధ్యత అలాగే ఉంటుంది, వసూలు ప్రయత్నాలు సాగుతాయి. మాఫీకి వాడే మాట 'వేవ్'. బకాయి మొత్తం తీర్చేస్తే అది 'పే ఆఫ్'.

ఉద్యోగం పోయిన సందర్భంలో 'లెయిడ్ ఆఫ్' అంటే కంపెనీ ఖర్చులు తగ్గించుకోవడానికో, పని లేకో తీసేసిందని. 'ఫైర్డ్' అంటే సాధారణంగా పనితీరు బాగోలేకో, తప్పు చేసినందుకో తీసేశారని. ఇంటర్వ్యూలో మొదటిది చెప్పాల్సినచోట రెండోది చెబితే నష్టం అభ్యర్థికే.

తరచూ దొర్లే తప్పులు

'కోప్ అప్ విత్' అనకూడదు, 'కోప్ విత్' చాలు. 'డిస్కస్ అబౌట్'లో 'అబౌట్', 'రిటర్న్ బ్యాక్'లో 'బ్యాక్' అనవసరం. దరఖాస్తు నింపడాన్ని బ్రిటన్‌లో 'ఫిల్ ఇన్', అమెరికాలో 'ఫిల్ అవుట్' అంటారు. 'ఫిల్ అప్' అక్కడ ఎక్కువగా పెట్రోలు ట్యాంకుకు వాడే మాట. 'లాగ్ ఇన్' క్రియ అయినప్పుడు రెండు మాటలుగా, నామవాచకం అయినప్పుడు ఒకే మాటగా రాయాలి.

నేర్చుకోవడం ఎలా?

'గెట్'తో వచ్చేవన్నీ ఒకేసారి బట్టీపడితే ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. వంటిల్లు, ప్రయాణం, బ్యాంకు, ఆఫీసు అని సందర్భాలుగా విడదీసి, రోజుకు రెండు మూడు చొప్పున సొంత వాక్యాలు రాసుకోవడం మేలు. విద్యార్థుల కోసం తయారైన ఇంగ్లీషు నిఘంటువుల్లో ఫ్రేజల్ వెర్బ్స్ అసలు క్రియ కిందే ఉంటాయి, మాట ఫార్మలా ఇన్‌ఫార్మలా అన్న గుర్తు కూడా ఉంటుంది. దరఖాస్తు పంపేముందు అనుమానం ఉన్న మాటను ఒకసారి అక్కడ చూసుకుంటే సరిపోతుంది.