స్పెల్లింగ్ బీ చరిత్ర – మన బడులకు ఒక దారి

మన కుల చరిత్ర రాయగలవాళ్లు ఈ సంచికలో చాలామంది ఉంటారు. నేను ఎనిమిదో తరగతి దాకా చదివి, చేనేత సొసైటీ లెక్కలు రాసుకుంటూ వచ్చినవాణ్ణి. అందుకని నేను తెలుసుకున్న ఒక చిన్న చరిత్ర మాత్రం రాస్తాను. అమెరికాలో స్పెల్లింగ్ బీ అని ఒక అక్షర పోటీ ఉంది. ఆ పోటీతో బడులకు డబ్బు పోగుచేస్తారు. దూరపు సంగతిలా కనిపిస్తుంది గానీ దాని మొదలు మన పనిలోనే ఉంది.

'బీ' అంటే ఇంగ్లీషులో తేనెటీగ. అయితే ఈ పోటీ పేరులోని 'బీ' వేరనీ, ఇరుగుపొరుగు చేసుకునే పని సాయాన్ని చెప్పే పాత ఇంగ్లండు పల్లె మాట నుంచి వచ్చి ఉండొచ్చనీ నిఘంటువులవాళ్లు అంటారు. 1769లో బోస్టన్ పత్రిక ఒకటి, కొందరు ఆడపిల్లలు ఒక ఇంట్లో చేరి నూలు వడకడాన్ని 'బీ' అని రాసింది. అప్పుడు అక్కడ బ్రిటిష్ వాళ్ల పాలన. 1767లో గాజు, కాగితం, టీ లాంటి సరుకుల మీద పన్నులు వేశారు. దాంతో సీమ గుడ్డ మాకొద్దు, మా నూలు మేమే వడుకుతాం అని ఆడవాళ్లు గుంపులుగా రాట్నాల ముందు కూర్చున్నారు. గాంధీగారి రాట్నానికి నూటయాభై ఏళ్ల ముందు మాట ఇది.

మనకిది కొత్త కాదు. తెల్లవారకముందే వీధిలో పడుగు సాచి గంజి పెట్టేటప్పుడు పక్కింటివాళ్లు కూలి అడక్కుండా వచ్చి చెయ్యి వేసేవాళ్లు. రేపు వాళ్ల పడుగుకు మనం పోయేవాళ్లం. పేరు వేరు గానీ అదీ బీ యే.

ఇంక అక్షరాల సంగతి. ఇంగ్లీషులో పలికేదొకటి, రాసేదొకటి. 1783లో నోవా వెబ్‌స్టర్ అనే ఆయన అక్షరక్రమం నేర్పే పుస్తకం వేశాడు. తర్వాత నీలం అట్టతో వచ్చి ఆ పేరుతోనే ఇంటింటికీ చేరింది. పల్లెల్లో పిల్లలూ పెద్దలూ సాయంత్రాలు బడిలో చేరి మాటల పోటీ పెట్టుకునేవాళ్లు. 1871లో ఎడ్వర్డ్ ఎగల్‌స్టన్ పల్లెటూరి బడిపంతులు మీద రాసిన నవలలో ఈ పోటీ ఉంది. దాని తర్వాత, 1875 నాటికి, ఈ పోటీల పిచ్చి ఊరూరా పాకింది. చూడ్డానికి టికెట్టు పెట్టి, వచ్చిన డబ్బు చర్చికో బీదలకో ఇచ్చేవాళ్లు. అక్షరంతో నిధి కూడబెట్టడం అలా జనానికి అలవాటైంది.

1908లో క్లీవ్‌లాండ్ నగరంలో పెద్ద పోటీ జరిగింది. గెలిచింది మేరీ బోల్డెన్ అనే పద్నాలుగేళ్ల నల్లజాతి పిల్ల, తపాలా బట్వాడా చేసే ఆయన కూతురు. నల్లవాళ్లకు చదువెందుకు అనే మాటలు నడిచే కాలంలో ఆ పిల్ల గెలుపు చాలామందికి జవాబు చెప్పింది. 1925లో వాషింగ్టన్‌లో మొదటి జాతీయ పోటీ పెట్టారు. పదకొండేళ్ల ఫ్రాంక్ న్యూహౌజర్ 'గ్లాడియోలస్' అనే పూవు పేరు తప్పు లేకుండా చెప్పి గెలిచాడు. 1941 నుంచి స్క్రిప్స్ పత్రికల సంస్థ దాన్ని నడుపుతోంది.

ఆ పెద్ద పోటీ కంటే మనకు పనికొచ్చేది ఊళ్లలో పెద్దవాళ్లకు పెట్టే పోటీ. ముగ్గురేసి ఒక జట్టు. దుకాణంవాళ్లు, బ్యాంకువాళ్లు, ఉపాధ్యాయులు తలా ఒక జట్టు పెట్టి ప్రవేశ రుసుం కడతారు. మాట తప్పితే బయటికి పోవాలి. కొన్నిచోట్ల ఇంకొంచెం డబ్బు కట్టి ఒక్కసారి లోపలికి రావచ్చు. జనం నవ్వుతారు, నిధి పెరుగుతుంది. ఆ డబ్బు స్థానిక బడి పుస్తకాలకు, సామానుకు పోతుంది.

మన తెలుగువారికి కూడా ఇందులో పాత్ర ఉంది. రత్నం చిట్టూరి గారు 1989లో అమెరికాలో నార్త్ సౌత్ ఫౌండేషన్ స్థాపించారు. ఆ సంస్థ 1993 నుంచి అక్కడి భారతీయ పిల్లలకు స్పెల్లింగ్ పోటీలు పెడుతోంది. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే నడుపుతారు. పోటీల మీద వచ్చే డబ్బు ఇండియాలో చదువు కొనసాగించలేని బీద విద్యార్థులకు ఉపకార వేతనాలుగా వస్తుంది. అక్కడ ఒక పిల్లవాడు మాట నేర్చుకుంటే ఇక్కడ ఇంకొకడి ఫీజు కట్టినట్టు. 2024లో జాతీయ పోటీ గెలిచిన బృహత్ సోమ తెలంగాణ మూలాలున్న కుర్రవాడే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయమంటే తమిళంలోనో కన్నడంలోనో మరాఠీలోనో ఒడియాలోనో రాస్తారు. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి మెట్లు మెట్లుగా తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవాల్సిందే, అందులో వాదం లేదు. కానీ మా సొసైటీ పాత తీర్మానాల పుస్తకాలు తెలుగులో ఉన్నాయి. మా తాతల సంతకాలు వాటిలో ఉన్నాయి. వాటిని చదవగలిగేవాళ్లు ఈ రోజు నాతో కలిపి ముగ్గురు. మా తర్వాత అవి ఉట్టి కాగితాలే.

తెలుగు పలికినట్టే రాస్తాం గదా, పోటీ ఎందుకు అంటారు. నిజమే, ఇంగ్లీషంత తిరకాసు లేదు. అయినా విద్యార్థి అని 'థ' ఒత్తుతో రాయమంటే ఎంతమంది రాస్తారు? 'శాల'కు ఏ శ, 'భాష'కు ఏ ష, 'సాలె'కు ఏ స? గుణంలో ణ, గనిలో న. కళలో ళ, కలలో ల. అర్థం, అర్ధం రెండూ వేరు, ఒకటి తాత్పర్యం, ఇంకొకటి సగం. అచ్చులో ఒక్క పోగు తప్పితే చీర పొడవునా గీత కనపడుతుంది. మాటలోనూ అంతే.

నా మనవి ఇది. సమాఖ్య ప్రతి శాఖలో ఏడాదికొకసారి తెలుగు అక్షర పోటీ పెట్టాలి. పిల్లవాణ్ణి ఒక్కణ్ణే నిలబెట్టొద్దు. శిక్షణకు డబ్బు పెట్టగల ఇంటి పిల్లలే గెలిచే పోటీ మనకొద్దు. ఒక పెద్ద, ఒక పిల్ల కలిసి జట్టు. అవ్వకు మాట తెలుసు, మనవరాలు అక్షరం నేర్చుకుంటుంది. చదువురాని అవ్వ కూడా ఆ సాకుతో పలక పట్టొచ్చు. జట్టుకు మూడు వందలు అనుకుంటే, ముప్పై జట్లు వస్తే తొమ్మిది వేలు. నూలు వ్యాపారులు, మాస్టరు వీవర్లు జట్ల ఖర్చు మోస్తే ఇంకా ఎక్కువ. కట్టలేని ఇంటివాళ్ల దగ్గర రుసుం తీసుకోవద్దు. వచ్చిన డబ్బులో సగం మన పిల్లలు చదివే ఊరి బడికి, అది ఏ భాష బడి అయినా సరే, ఇవ్వాలి. మిగతా సగం సాయంత్రం తెలుగు నేర్పే టీచరమ్మకు. లెక్క నోటీసు బోర్డు మీద అతికించాలి, దాచే పని లేదు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటి పోటీకి మాటల జాబితా రాసే పని నాకు అప్పగిస్తే సంతోషంగా చేస్తాను.