ఒకే యుద్ధం, రెండు సినిమాలు, ఒకే బాక్స్

ఈ రోజు ఒక డీవీడీ బాక్స్ గురించి చెప్తాను.

1945 ఫిబ్రవరిలో అమెరికా సైన్యం ఇవో జిమా అనే జపాన్ దీవి మీద దిగింది. 36 రోజుల యుద్ధం. అమెరికా వైపు దాదాపు 6,800 మంది చనిపోయారు. ఎదురు నిలబడ్డ సుమారు 20,000 మంది జపాన్ సైనికుల్లో బతికింది చాలా కొద్దిమందే.

ఈ ఒక్క యుద్ధం మీద క్లింట్ ఈస్ట్‌వుడ్ రెండు సినిమాలు తీశాడు. రెండూ 2006లోనే రిలీజయ్యాయి. 'ఫ్లాగ్స్ ఆఫ్ అవర్ ఫాదర్స్' ఏమో జెండా ఎత్తుతున్న ఆ ఫేమస్ ఫొటో వెనక ఉన్న అమెరికన్ల కథ. అందులో జపాన్ వాళ్ల మొహాలు దాదాపు కనపడవు, కాల్పులే కనిపిస్తాయి. 'లెటర్స్ ఫ్రమ్ ఇవో జిమా'లో కెమెరా ఆ తుపాకుల వెనక్కి వెళ్తుంది. అక్కడున్నది ఇంటికి ఉత్తరాలు రాసుకునే మనుషులు. సినిమా కూడా జపనీస్‌లోనే నడుస్తుంది.

2007లో ఈ రెండిటినీ కలిపి ఐదు డిస్కుల బాక్స్‌గా అమ్మారు. నిజం చెప్పాలంటే, నేను మొదటిది ఒక్కటే చూసి యుద్ధం అర్థమైపోయిందనుకున్నా. రెండోది చూశాకే తెలిసింది, నేను చూసింది సగమే అని.

ఇప్పుడు యాప్‌లో ఇవి రెండు వేర్వేరు పోస్టర్లు, అంతే. ఆ జత మనమే కలుపుకోవాలి. ఒకటి చూస్తే రెండోది కూడా చూడండి.